గాలి తగ్గితే చూపు తగ్గుతుంది: పాత కారు హీటరు ఫ్యానును బాగుచేసుకోవడం ఎలా?

వాహనం నడిపే వ్యక్తికి అన్నిటికన్నా ముందుగా కావలసింది చూపు. ఇంజను ఎంత బలమైనదైనా, బ్రేకులు ఎంత గట్టివైనా, ఎదుట ఉన్న అద్దంలోంచి దారి కనిపించకపోతే అవేవీ ఆదుకోవు. మన ప్రాంతంలో ఈ విషయం వర్షాకాలంలోనే గుర్తుకు వస్తుంది. కిటికీలు మూసుకుని నలుగురం కూర్చుంటే కాసేపటికి అద్దం మసకబారుతుంది. డ్రైవరు గుడ్డతో తుడుస్తాడు, మళ్లీ మసకబారుతుంది. చలిదేశాల్లో మాత్రం ఇది ఏడాదిలో చాలా నెలలు రోజూ ఎదురయ్యే సమస్య. అక్కడ కారులో హీటరు వెచ్చదనం కోసం మాత్రమే కాదు, చూపు కోసం కూడా.

నేడు మన తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో బ్రిటన్‌లో చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, అక్కడే స్థిరపడుతున్నారు. వారిలో కొందరికి పాత కార్లంటే మక్కువ. ఆ మక్కువ మంచిదే. కానీ నలభై, యాభై ఏళ్లు దాటిన కారు తన యజమాని నుంచి శ్రద్ధను కోరుతుంది. అలాంటి కార్లలో చాలామంది పట్టించుకోని చిన్న భాగం ఒకటుంది. అదే హీటరు ఫ్యాను. మీట నొక్కితే ఫ్యాను మూలుగుతుంది, మెల్లగా తిరుగుతుంది, అద్దం దాకా గాలి చేరదు. 'పాత కారు కదా, ఇంతే!' అని సరిపెట్టుకుంటారు. ఇలా సరిపెట్టుకోవడం ఎందుకు తగదో, ఆ ఫ్యానును ఇంట్లోనే ఎలా బాగుచేసుకోవచ్చో ఈ వారం వివరించదలిచాము.

అద్దం ఎందుకు మసకబారుతుంది?

మనం వదిలే ఊపిరిలో నీటి ఆవిరి ఉంటుంది. తడిసిన కోటు, తడిసిన బూట్లు, కారు నేలమీద పరిచిన తడి చాప, వీటి నుంచి కూడా ఆవిరి లేస్తుంది. ఆ తేమగాలి చల్లని అద్దాన్ని తాకినప్పుడు ఆవిరి సన్నని నీటి బిందువులుగా మారి అద్దానికి అంటుకుంటుంది. రాత్రివేళ ఎదురు వాహనాల దీపాలు ఆ బిందువులపై పడితే అద్దమంతా తెల్లటి తెరలా మెరుస్తుంది. రోడ్డు దాటుతున్న మనిషి ఆ తెర వెనుక కనిపించడు.

దీనికి విరుగుడు వేడిగాలి. వేడెక్కిన గాలి మరింత తేమను మోయగలదు. పైగా అది అద్దాన్ని వెచ్చబరుస్తుంది. వెచ్చని అద్దానికి తేమ అంటుకోదు. అయితే వేడి ఒక్కటే ఉంటే చాలదు, ఆ వేడిని అద్దం దాకా తోసే బలం కూడా కావాలి. కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఆ పని కొంత చేస్తుంది. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు, ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు ఆ భారమంతా ఫ్యానుపైనే పడుతుంది. మనుషులు ఎక్కువగా రోడ్డు దాటేది కూడా సరిగ్గా అలాంటి చోట్లే అన్న సంగతి మరువరాదు. బ్రిటన్ రోడ్డు నియమావళి అయిన హైవే కోడ్‌లోని 229వ నియమం కూడా మంచు పడే కాలంలో బయలుదేరే ముందే అద్దాల మసకను పూర్తిగా తొలగించుకోవాలని చెబుతోంది.

మనకు దూరపు చుట్టమే!

ఉదాహరణగా ఒక కారును తీసుకుందాం. ఎం.జి.బి. అనే రెండు తలుపుల బ్రిటిష్ కారు 1962లో విడుదలైంది. ఇంగ్లాండులోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1980 దాకా తయారైంది. మొత్తం 5 లక్షలకు పైగా కార్లు బయటికి వచ్చాయి. అందుకే నేటికీ బ్రిటన్‌లో ఎక్కువగా కనిపించే పాత కార్లలో అదొకటి. విడిభాగాలు కూడా సులువుగా దొరుకుతాయి.

మన పాఠకులకు ఈ కారు పేరు కొత్తగా అనిపించవచ్చు. కానీ దీని ఇంజను వంశం మనకు బాగా తెలిసినదే. ఎం.జి.బి.లో ఉన్నది 1798 సి.సి. 'బి-సిరీస్' ఇంజను. మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు నడిచిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను కూడా ఆ కుటుంబానిదే. అంబాసిడర్ మాతృక మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అయినా దాని బానెట్ కింద చేతులు మసి చేసుకున్న ఉస్తాదులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వారిని ఎం.జి.బి. ముందు నిలబెడితే ఇంజను చూసి కొత్త అనుకోరు. వారికి కొత్తగా తోచేది హీటరు ఒక్కటే. మన ఎండల్లో దాని అవసరం ఎవరికుంది? నిజానికి తొలి ఎం.జి.బి.లలో హీటరు కూడా విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవలసిన వస్తువే.

గాలి వచ్చే దారి

ఈ కారులో హీటరు పెట్టె ఇంజను గదిలో, వెనుక గోడకు ఆనుకుని ఉంటుంది. ముందు అద్దం కింద ఉన్న జాలీ లోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. ఫ్యాను ఆ గాలిని పెట్టెలోని చిన్న రేడియేటరు గుండా తోస్తుంది. ఇంజను నుంచి వచ్చే వేడినీరు ఆ రేడియేటరులో తిరుగుతూ ఉంటుంది. వేడెక్కిన గాలి గొట్టాల ద్వారా కొంత అద్దం కిందికి, కొంత కాళ్ల దగ్గరికి చేరుతుంది. డాష్‌బోర్డు మీద ఉన్న రెండు గుండ్రటి మీటల్లో ఒకటి వేడినీటి వాల్వును తెరుస్తుంది, రెండోది గాలిని ఎటు పంపాలో నిర్ణయిస్తుంది. ఫ్యానుకు వేరే స్విచ్చి ఉంటుంది. ఇగ్నిషన్ తాళం తిప్పితేనే అది పనిచేస్తుంది.

ఈ దారిలో ఎక్కడ అడ్డు పడినా ఫలితం ఒకటే, అద్దం దగ్గర గాలి తగ్గుతుంది. కాబట్టి గాలి తక్కువగా ఉంది అనగానే మోటారు మీద నేరం మోపకూడదు.

ఒక ఫ్యూజు, నాలుగు ప్రాణాధారాలు

హీటరు ఫ్యాను సమస్య హీటరుతోనే ముగిసిపోదని ఇక్కడ గట్టిగా చెప్పవలసి ఉంది. 1960లలో తయారైన ఎం.జి.బి.లలో ఫ్యూజు పెట్టెలో పనిచేసే ఫ్యూజులు రెండే రెండు. ఇగ్నిషన్ వేసినప్పుడు మాత్రమే పనిచేసే ముఖ్యమైన వస్తువులు కొన్ని వాటిలో ఒకే ఫ్యూజు కింద ఉంటాయి. అవి ఏమిటి? బ్రేకు దీపాలు, ఇండికేటర్లు, వైపర్లు, హీటరు ఫ్యాను.

నూనె ఎండిపోయి బిగుసుకున్న మోటారు మామూలుకన్నా ఎక్కువ కరెంటు లాగుతుంది. పూర్తిగా ఆగిపోతే ఇంకా ఎక్కువ లాగుతుంది. ఆ భారానికి ఫ్యూజు కాలిపోయిందనుకోండి, ఫ్యానుతో పాటు వైపర్లూ ఆగిపోతాయి. వర్షంలో నడుస్తున్న కారుకు ముందు అద్దం కనిపించదు. వెనుక వచ్చే వాహనానికి మన బ్రేకు దీపం వెలగదు. ఆ కారులో భార్యాపిల్లలు కూర్చుని ఉంటే? మూలుగుతున్న ఫ్యానును నిర్లక్ష్యం చేయడం ఎంత దూరం తీసుకెళుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కొందరు ఇంకో పొరపాటు చేస్తారు. ఫ్యూజు మాటిమాటికీ కాలిపోతోందని దానికి సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుడతారు, లేదా లావు తీగ వేస్తారు. అప్పుడు ఫ్యూజు కాలదు, తీగ కాలుతుంది. డాష్‌బోర్డు వెనుక పుట్టిన మంట బయటికి కనిపించేసరికి చేతులు దాటిపోతుంది. ఈ కార్లలోని అసలు గాజు ఫ్యూజు మీద 35 ఆంపియర్లు అని ఉంటుంది. అది కాలిపోయే హద్దు. ఆగకుండా మోయగలిగేది 17 ఆంపియర్లు మాత్రమే. ఇతర దేశాల పద్ధతిలో 35 ఆంపియర్లను నిరంతరం మోసే ఫ్యూజును దాని స్థానంలో పెడితే తీగకు రక్షణ పోయినట్టే. కొనేటప్పుడు ఈ తేడా చూసుకోవాలి.

ముందు రోగం తెలుసుకోవాలి

వైద్యుడు నాడి చూడకుండా మందు ఇవ్వడు. ఇక్కడా అదే పద్ధతి. ప్రప్రథమంగా ఒక ప్రశ్న వేసుకోవాలి. గాలి తక్కువగా వస్తోందా, లేక గాలి బాగానే వస్తూ చల్లగా ఉందా? గాలి చల్లగా ఉంటే దోషం ఫ్యానుది కాదు. వేడినీటి వాల్వు తెరుచుకోకపోవడం, వాల్వు కేబులు జారిపోవడం, చిన్న రేడియేటరులో మడ్డి పేరుకోవడం, గొట్టాల్లో గాలి చిక్కుకోవడం, థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోవడం, వీటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది. ఇంజను వేడెక్కాక హీటరుకు వెళ్లే రెండు గొట్టాలనూ చేత్తో జాగ్రత్తగా తాకి చూడాలి. రెండూ వేడిగా ఉంటే నీరు తిరుగుతున్నట్టే.

గాలే తక్కువగా ఉంటే ముందు అద్దం కింది జాలీని చూడాలి. చెట్ల కింద నిలిపిన కార్లలో ఏళ్ల తరబడి ఆకులు అందులో పడి కుళ్లి మట్టిగా మారతాయి. నీరు పోయే రబ్బరు గొట్టం కూడా వాటితో పూడుకుపోతుంది. అప్పుడు వాననీరు కాళ్ల దగ్గరికి కారుతుంది, ఆ తడి మళ్లీ ఆవిరై అద్దాన్ని మసకబారుస్తుంది. ఇలా ఒకే చెత్త రెండు విధాల నష్టం చేస్తుంది. ఆ తర్వాత డాష్‌బోర్డు కింద అద్దానికి వెళ్లే గొట్టాలు ఊడిపోలేదు కదా, చిరగలేదు కదా అని చూడాలి.

ఇవన్నీ బాగుండి ఫ్యాను శబ్దమే నీరసంగా ఉంటే అప్పుడు దోషం విద్యుత్తుదా, మోటారుదా అని తేల్చుకోవాలి. ఒక ఇంట్లో తండ్రీకొడుకులు ఇలాంటి కారు ముందు నిలబడి ఉన్నారనుకుందాం.

'అబ్బా, కొత్త మోటారు దొరుకుతోంది కదా! అదే తెచ్చి వేసేద్దామా?' అంటాడు కొడుకు.

'వేద్దాం బేటా, కాదనను. కానీ దోషం తీగలో ఉంటే కొత్త మోటారు కూడా పాతదానిలాగే మూలుగుతుంది. డబ్బు పోతుంది, రోగం మిగులుతుంది. ముందు ఎవరిది తప్పో తేల్చుకుందాం' అంటాడు తండ్రి.

ఆ తండ్రి మాట అక్షరాలా నిజం. తేల్చుకునే పద్ధతి కూడా సులువే. ఇగ్నిషన్ ఆపి, మోటారు నుంచి వచ్చే రెండు తీగల సాకెట్లను విడదీయాలి. విడిగా ఉన్న ఒక 12 వోల్టుల బ్యాటరీ నుంచి, మధ్యలో ఒక ఫ్యూజు పెట్టి, ఆ రెండు తీగలకు నేరుగా కరెంటు ఇవ్వాలి. బ్యాటరీ దిశ మార్చకూడదు, కారులో ఏ తీగకు ప్లస్ వస్తోందో దానికే ప్లస్ ఇవ్వాలి. ఇప్పుడు ఫ్యాను చురుగ్గా తిరిగితే మోటారు నిర్దోషి, తప్పు కారు తీగలదీ స్విచ్చిదీ. ఇప్పటికీ నీరసంగానే తిరిగితే తప్పు మోటారుదే. పది నిమిషాల ఈ పరీక్ష ఎన్నో గంటల వృథా శ్రమను తప్పిస్తుంది.

తప్పు తీగలదైతే

విద్యుత్తు పైపులో నీటిలాంటిది. దారిలో ఎక్కడ తుప్పు ఉంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. బ్యాటరీ దగ్గర 12 వోల్టులు ఉన్నా మోటారు దగ్గరికి 9 వోల్టులే చేరాయనుకోండి. అలాంటి మోటారు వేగం సుమారు నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది, గాలి కూడా అదే లెక్కన తగ్గుతుంది. మరి ఆ పోయిన 3 వోల్టులు ఏమైనట్టు? తుప్పుపట్టిన చోట వేడిగా మారాయి. మోటారు 4 ఆంపియర్లు లాగుతూ ఉంటే ఆ ఒక్క అతుకు దగ్గర 12 వాట్ల వేడి పుడుతుంది. చిన్న సోల్డరింగ్ ఇనుమును స్విచ్చి వెనుక పెట్టినట్టే లెక్క. కొన్ని కార్లలో స్విచ్చి ప్లాస్టిక్ కరిగిపోయి కనిపించడానికి కారణం ఇదే.

దీన్ని పట్టుకోవడానికి మామూలు మల్టీమీటరు చాలు. ఫ్యాను నడుస్తూ ఉండగానే కొలవాలన్నది ముఖ్యమైన నియమం. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన అతుకు కూడా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. బ్రిటిష్ కార్లలో తీగల రంగులకు ఒక పద్ధతి ఉంది. గోధుమరంగు తీగ నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది. తెల్లది ఇగ్నిషన్ తాళం నుంచి వచ్చేది. ఆకుపచ్చది ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. నల్లది ఎర్త్. హీటరుకు కరెంటు వచ్చేది ఆకుపచ్చ జాతి తీగలోనే, ఒంటి రంగుగానో, మీద మరో రంగు గీతతోనో.

మీటరు ఒక కొనను మోటారు నల్లతీగ దగ్గర, ఇంకో కొనను బ్యాటరీ ఎర్త్ కొన దగ్గర ఉంచి చూడాలి. వోల్టులో రెండు మూడు పదో వంతులకు మించి చూపిస్తే బాడీ ఎర్త్ చెడిపోయిందని అర్థం. ఆ తీగ బాడీకి బిగించిన చోట స్క్రూ విప్పి, రంగు, తుప్పు పోయి లోహం మెరిసేలా ఉప్పు కాగితంతో రుద్ది, తిరిగి బిగించి, పైన కొంచెం పెట్రోలియం జెల్లీ పూయాలి. తర్వాత ఇదే విధంగా ఫ్యూజుకు అటూ ఇటూ, స్విచ్చికి అటూ ఇటూ, సాకెట్లకు అటూ ఇటూ కొలుస్తూ పోవాలి. ఎక్కడ ఎక్కువ వోల్టు కనిపిస్తే అక్కడే దొంగ దాక్కున్నాడు.

చాలాసార్లు ఆ దొంగ ఫ్యూజు పెట్టెలోనే దొరుకుతాడు. గాజు ఫ్యూజును పట్టుకునే ఇత్తడి కొక్కేలు అరవై ఏళ్లలో నల్లబడి, వదులై ఉంటాయి. ఫ్యూజు తీసి, వాటిని రుద్ది శుభ్రం చేసి, కొద్దిగా లోపలికి వంచితే బ్రేకు దీపాలు, ఇండికేటర్లు కూడా ప్రకాశవంతమవుతాయి. ఒక రోగానికి చేసిన వైద్యం నాలుగు రోగాలు నయం చేస్తుందన్నమాట. ఈ పనులన్నీ మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పాలి, కొలిచేటప్పుడు మాత్రమే తగిలించాలి. చేతి ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టాలి. ఎం.జి.బి.లో బ్యాటరీ ఉండేది బానెట్ కింద కాదు, సీట్ల వెనుక. చాలాకాలం పాటు 6 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి వాడేవారు. ఆ రెంటినీ కలిపే తీగ కొనలను కూడా ఒకసారి శుభ్రం చేసుకోవడం మంచిది.

తప్పు మోటారుదైతే

హీటరు పెట్టెను మొత్తంగా ఊడదీయడం ఈ కారులో చాలా కష్టమైన పని. ఓ రోజంతా తినేస్తుంది. సంతోషకరమైన విషయమేమిటంటే, మోటారు కోసం అంత శ్రమ అక్కరలేదు. మోటారు పెట్టె ముందువైపు, ఇంజను దిక్కుగా ఉంటుంది. తీగలు విడదీసి, చుట్టూ ఉన్న స్క్రూలు విప్పితే ఫ్యానుతో సహా బయటికి వస్తుంది. వేడినీటి గొట్టాల జోలికి పోనవసరం లేదు. ఫ్యాను రెక్కలు ఇరుసు మీద ఏ వైపుకు తిరిగి, ఎంత లోతున ఉన్నాయో ముందే గుర్తు పెట్టుకోవాలి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, కాబట్టి క్లిప్పును నిదానంగా తీయాలి.

ఫ్యాను తీశాక ఇరుసును వేళ్లతో తిప్పి చూడాలి. తేలికగా తిరిగి, వదిలాక కూడా కొంచెం ముందుకు పోవాలి. జిగురులో తిరిగినట్టు అనిపిస్తే బుష్‌లలో నూనె ఎండిపోయింది. ఈ చిన్న మోటార్లలో బాల్ బేరింగులు ఉండవు, సన్నని రంధ్రాలు నిండిన కంచు బుష్‌లు ఉంటాయి. స్పాంజి నీటిని పట్టుకున్నట్టు అవి నూనెను తమలో దాచుకుని ఇరుసుకు కొంచెం కొంచెంగా అందిస్తాయి. దశాబ్దాల వేడికి ఆ నూనె బంకగా మారుతుంది. నీరసానికి అన్నిటికన్నా సాధారణమైన కారణం ఇదే.

మోటారును విప్పేటప్పుడు మూత, డబ్బా రెంటిమీదా కలిసేలా ఒక గీత గీసుకోవాలి. కొన్ని మోటార్లు పొడవాటి స్క్రూలతో బిగించి ఉంటాయి, కొన్నిటికి రేకు నాలుకలు మడిచి ఉంటాయి. నాలుకలను ఒకసారి పైకెత్తి మళ్లీ మడవవచ్చు, మాటిమాటికీ వంచితే విరుగుతాయి. లోపల ఇరుసు మీద ఉన్న సన్నని వాషర్లు ఏ క్రమంలో ఉన్నాయో చూసి ఒక కాగితం మీద అదే వరుసలో పెట్టుకోవాలి.

బుష్‌లను, ఇరుసును స్పిరిటులో ముంచిన గుడ్డతో తుడిచి బంక పూర్తిగా తీసేయాలి. తర్వాత ఎలక్ట్రిక్ మోటార్ల కోసం అమ్మే నూనెను చుక్కలుగా వేసి, బుష్ పీల్చుకునే దాకా ఆగి, మళ్లీ వేయాలి. బుష్ పక్కన ఉన్ని గుడ్డ ముక్క ఉంటే దాన్ని కూడా నూనెతో తడపాలి. రాత్రంతా అలా వదిలేస్తే ఇంకా మంచిది. ఇక్కడ రెండు హెచ్చరికలు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పని అయిపోయిందనుకోకూడదు. అది బంకను కరిగించి కొన్నాళ్లు హుషారు చూపిస్తుంది, ఆరిపోయాక మోటారు మునుపటికన్నా పొడిబారుతుంది. గ్రీజు కూడా వద్దు. అది బుష్ రంధ్రాలను మూసేస్తుంది.

ఇక కార్బన్ బ్రష్‌లు. ఇవి అరిగి పొట్టివైపోతే వెనుక ఉన్న స్ప్రింగు వాటిని గట్టిగా నొక్కలేదు. కరెంటు తెగుతూ అందుతుంది, నిప్పురవ్వలు లేస్తాయి. బ్రష్ తన గూటిలో అటూ ఇటూ సులువుగా కదలాలి. కదలకపోతే గూటిలో పేరుకున్న మసిని తుడవాలి. సరిపడే బ్రష్ దొరకకపోతే అదే రకం పెద్ద బ్రష్‌ను ఆకురాయితో రుద్ది సరిపెట్టడం మన ఉస్తాదులకు కొత్త విద్య కాదు. బ్రష్ తాకే రాగి భాగాన్ని కమ్యుటేటర్ అంటారు. అది నల్లబడి ఉంటే చాలా సన్నని గాజు కాగితంతో, ఇరుసు తిప్పుతూ, నాలుగు వైపులా సమంగా రుద్దాలి. రాగి పలకల మధ్య ఉన్న సన్నని సందుల్లో కార్బన్ పొడి చేరితే ఒక పలక నుంచి ఇంకో పలకకు కరెంటు దొంగదారిన పోతుంది. పుల్లతో ఆ సందులు శుభ్రం చేసి, పొడినంతా ఊదేయాలి.

తిరిగి బిగించేటప్పుడు

మోటారును కారులో పెట్టకముందే విడి బ్యాటరీతో నడిపి చూడాలి. పది నిమిషాలు నడిచాక చేత్తో తాకితే గోరువెచ్చగా ఉండవచ్చు, చేయి పెట్టలేనంత వేడి ఉండకూడదు. ఫ్యాను ఏ వైపుకు తిరుగుతోందో కూడా చూడాలి. 1967కు ముందు తయారైన ఎం.జి.బి.లలో బ్యాటరీ ప్లస్ కొన బాడీకి ఎర్త్ అయి ఉండేది. తర్వాత వచ్చిన రెండో రకంలో మైనస్ కొన ఎర్త్ అయింది. పాత కార్లను కూడా చాలామంది మైనస్ ఎర్త్‌కు మార్చుకున్నారు. శాశ్వత అయస్కాంతం ఉన్న మోటారుకు ప్లస్, మైనస్ తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. శబ్దం జోరుగా వస్తుంది, గాలి మాత్రం అద్దానికి చేరదు. ఎవరో ఎప్పుడో మార్చిన కారులో ఈ ఒక్క పరీక్ష చేయకపోవడం వల్ల ఏళ్ల తరబడి వెనక్కి తిరుగుతున్న ఫ్యాను కూడా ఉండవచ్చు. తీగలు రెండూ అటు ఇటు మార్చితే సరిపోతుంది.

మోటారు బయట ఉన్నప్పుడే ఆ రంధ్రంలోంచి టార్చి వేసి హీటరు పెట్టె లోపల చూడాలి. చిన్న రేడియేటరు చుట్టూ గాలి తప్పించుకోకుండా స్పాంజి పట్టీలు ఉంటాయి. అవి పొడిపొడిగా రాలిపోతే గాలి రేడియేటరు గుండా పోకుండా పక్కనుంచి జారిపోతుంది. డాష్‌బోర్డు గొట్టాల్లోంచి నల్లటి తునకలు పడుతుంటే అవి ఆ స్పాంజివే. అప్పుడు మాత్రం పెట్టెను ఊడదీసే పెద్ద పనికి ఒక సెలవు రోజు కేటాయించక తప్పదు.

ఇరుసు బుష్‌లో కదిలేంతగా అరిగిపోయినా, లోపలి వైండింగ్ కాలిన వాసన వస్తున్నా బాగుచేసి ప్రయోజనం లేదు. కొత్త మోటారే తేవాలి. కొందరు అభిమానులు పాత రెక్కల ఫ్యాను బదులు గుండ్రటి పంజరంలాంటి ఫ్యాను పెట్టుకుంటారు. అది ఇరుకైన దారిలో గాలిని మరింత బలంగా తోస్తుంది. అయితే తీగలు, ఎర్త్ బాగుచేయకుండా ఏ ఫ్యాను పెట్టినా ఫలితం సగమే.

బాధ్యత యజమానిదే

బ్రిటన్‌లో కార్లకు ఏటా జరిగే ఎం.ఓ.టి. తనిఖీ నుంచి, పెద్ద మార్పులు చేయని 40 ఏళ్లు దాటిన వాహనాలకు 2018 మే నెల నుంచి మినహాయింపు లభించింది. 1980లో తయారీ ఆగిన ఎం.జి.బి.లు ఇప్పుడు అన్నీ ఆ వయసు దాటినవే. తనిఖీ లేదంటే బాధ్యత లేదని కాదు. వాహనం రోడ్డుకు తగిన స్థితిలో ఉండాలన్న చట్టం అలాగే ఉంది. ఇదివరకు ఏడాదికి ఒకసారైనా మరో మనిషి కళ్లు ఆ కారును చూసేవి. ఇప్పుడు చూడవలసింది యజమాని ఒక్కడే. చలికాలం రాకముందే, ఆకులు రాలే రోజుల్లో, ఒక మధ్యాహ్నం దీనికోసం కేటాయిస్తే చాలు. ఫ్యాను స్విచ్చి వేసి, బ్రేకు తొక్కి, వైపర్లు నడిపి, ఇండికేటరు వేసి, నాలుగూ ఒకేసారి చక్కగా పనిచేస్తున్నాయో లేదో ఇంట్లో మరొకరిని వెనుక నిలబెట్టి చూసుకోవాలి.

ఇక్కడున్న పాఠకులు ఇది తమకు సంబంధించని విషయమని అనుకోవద్దు. మన కార్లలోని ఎ.సి. బ్లోయరు, వైపరు మోటారు, రేడియేటరు ఫ్యాను, ఇవన్నీ 12 వోల్టుల మీద నడిచే ఇలాంటి మోటార్లే. నేరుగా కరెంటు ఇచ్చి చూడటం, నడుస్తుండగా వోల్టులు కొలవడం, ఎర్త్ శుభ్రం చేయడం, ఆ తర్వాతే మోటారు విప్పడం, ఈ వరుస పాతకాలపు కార్లన్నిటికీ పనికొస్తుంది. ఇంట్లోని కూలరు, మిక్సీల మీద మాత్రం ఈ ప్రయోగాలు చేయకండి. అక్కడున్నది 230 వోల్టులు, అది ప్రాణాంతకం.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని పెద్దలు ఊరికే అనలేదు. నాలుగు చుక్కల నూనె, ఒక ఉప్పు కాగితం ముక్క, ఒక మల్టీమీటరు, ఓ పూట ఓపిక. ఈ ఫ్యాను కోరేది ఇంతే. దానికి బదులుగా అది ఇచ్చేది వాన రాత్రి దారి స్పష్టంగా కనిపించే అద్దం. విదేశంలో ఉన్న మీ అబ్బాయో, మేనల్లుడో పాత కారు కొన్నానని ఫోనులో సంబరంగా చెబితే ముబారక్ చెప్పండి. ఆ వెంటనే 'హీటరు ఫ్యాను చూశావా బేటా?' అని కూడా అడగండి.